హాలీ సిక్కా, గల్ఫ్ రూపాయి: సరిహద్దులు దాటిన సొమ్ము కథ

హైదరాబాద్ రాజ్యంలో బతికిన మన తాతల తరంవారు జీతం చెప్పేటప్పుడు అంకె ఒక్కటే చెప్పి ఊరుకునేవారు కాదు. అరవై రూపాయలు అంటే వెంటనే ఎదుటివారు "హాలీయా, కల్దారా?" అని అడిగేవారు. హాలీ అంటే ఉర్దూలో ప్రస్తుతం చలామణిలో ఉన్నది అని అర్థం. అది నిజాం సర్కారు సిక్కా. కల్ అంటే యంత్రం, కల్దార్ అంటే యంత్రం మీద కొట్టినది. అది ఇంగ్లీషువారి రూపాయి. తరువాతి కాలంలో హాలీ సిక్కా కూడా యంత్రం మీదనే తయారైంది గాని పేర్లు మాత్రం అట్లాగే నిలిచిపోయాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. ఈ లెక్క ఆ రోజుల్లో బడి పిల్లవాడికి కూడా నోటికి వచ్చేది.

ఒక రాజ్యం తన ఎల్లల లోపల తన సొంత ఆర్థిక వ్యవస్థను పెట్టుకుని, దాన్ని తన ఇష్టప్రకారం నడుపుకోగలదా అన్న ప్రశ్న ఈ రోజుల్లో మళ్ళీ బాగా వినబడుతున్నది. అమెరికాలో సుంకాలు పెంచితే మన ఊరి రొయ్యల రైతు ఎందుకు దిగాలు పడాలి, డాలరు పైకి పోతే ఇక్కడ పెట్రోలు ఖరీదు ఎందుకు పెరగాలి అని మన పిల్లలు అడుగుతున్నారు. పెద్ద పెద్ద ఆర్థిక శాస్త్రవేత్తల గ్రంథాలు తిరగేసే శక్తి మాకు లేదు. కాని మన గడ్డ మీదనే ఈ ప్రయోగం సుమారు నూరేళ్ళపాటు జరిగింది. ఆ తరువాత మన కుటుంబాలకు బాగా తెలిసిన గల్ఫ్ దేశాల్లో మరో రూపంలో జరిగింది. ఈ రెండు కథలనూ కలిపి చెప్పినవారు తక్కువ గనుక మేము ఆ పని చేయదలిచాము.

19వ శతాబ్దం సగం గడిచేదాకా హైదరాబాద్ రాజ్యంలో ఒక్క సిక్కా అంటూ లేదు. నారాయణపేట రూపాయి వేరు, గద్వాల రూపాయి వేరు. ఎక్కడి టంకశాల అక్కడిదే. ఒక ఊరి రూపాయి మరో ఊళ్ళో ఇస్తే షరాఫు దాన్ని రాయి మీద గీసి, తూచి, వట్టం పట్టుకుని మార్చేవాడు. 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్ జంగ్ ఈ గందరగోళాన్ని సరిచేయడానికి పూనుకున్నాడు. నాణేల తయారీని రాజధానికి తెచ్చాడు. 1857 తిరుగుబాటు అణిగిపోయాక ఢిల్లీ బాదుషా పేరు నాణెం మీద నుంచి తొలగింది. 20వ శతాబ్దం మొదట్లో సైఫాబాదులో యంత్రపు టంకశాల వచ్చి, చార్మినార్ బొమ్మతో రూపాయి తయారైంది. ఆ స్థలాన్ని మింట్ కాంపౌండ్ అని ఇప్పటికీ పిలుస్తున్నాము.

సొంత సిక్కాతో పాటు సొంత సుంకాల శాఖ కూడా ఉండేది. దాన్ని కరోడ్‌గిరి అనేవారు. సరిహద్దున నాకాలు, నాకాల దగ్గర బండ్లు ఆపి సోదా చేసే జవాన్లు. సొంత టపా, సొంత స్టాంపులు సరేసరి. బొంబాయి మద్రాసు మార్గం మీది వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. 1889లో అది బెజవాడ దాకా పోయింది. 1930లో నిజాం సర్కారు ఆ రైల్వేను కంపెనీ దగ్గర నుంచి కొనివేసింది. పైనుంచి చూస్తే ఇంతకన్నా సంపూర్ణమైన ఆర్థిక రాజ్యం ఏముంటుంది అనిపిస్తుంది.

లోపలికి తొంగి చూస్తే సంగతి వేరు. ఇంగ్లీషు కంపెనీతో 1802లో కుదిరిన వర్తక ఒడంబడిక ప్రకారం నూటికి ఐదు రూపాయలకు మించి సుంకం వేయరాదు. అంటే నాకా మనది, జవాను మనవాడు, రేటు మాత్రం మన చేతిలో లేదు. అదే ఒడంబడికలో మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు నిజాంకు ఇచ్చినట్టు రాసుకున్నారు గాని అది కాగితం మీదనే ఉండిపోయింది. సముద్రం లేని రాజ్యం గనుక ప్రతి వస్తువూ బొంబాయి, మద్రాసు రేవుల మీదుగానే రావాలి. అక్కడ ఇంగ్లీషు సర్కారు తన సుంకం తాను తీసుకునేది, ఇక్కడ మళ్ళీ కరోడ్‌గిరి. ఉప్పు సంగతి మరీ విచిత్రం. వరంగల్‌లో కూలీ తిన్న ఉప్పు మీది పన్ను నిజాం ఖజానాకు కాక బ్రిటిష్ ఖజానాకు పోయేది.

ఇక సిక్కా విలువను ఎవరు నిర్ణయించేవారు? నాణెం మీద ఆసఫ్ జాహీ ముద్ర ఉన్నా, అందులోని వెండి ధర లండన్ బజారులో తేలేది. 1870ల తరువాత ప్రపంచంలో వెండి ధర పడిపోతూ వచ్చింది. జర్మనీ వంటి దేశాలు బంగారానికి మారడం ఒక కారణం, అమెరికా గనుల్లో కొత్తగా వెండి పడడం ఇంకొకటి. 1893లో బ్రిటిష్ ఇండియా సర్కారు తన టంకశాలల్లో ఎవరు వెండి తెస్తే వారికి రూపాయలు కొట్టి ఇచ్చే పద్ధతిని ఆపివేసింది. దాంతో కల్దారు రూపాయి వెండి ధర నుంచి విడిపోయి పైన నిలబడింది. హాలీ సిక్కా వెండిని పట్టుకుని కిందికి జారింది. మన దగ్గర ఎవరూ ఏ హుకుమూ జారీ చేయలేదు, రైతు తప్పు లేదు, దివాను తప్పు లేదు. అయినా బయటి నుంచి తెచ్చుకునే బట్ట, కిరసనాయిలు ప్రియమయ్యాయి. రైల్వే వాటాదారులకు లండన్‌లో వడ్డీ హామీ ఇచ్చి ఉన్నందున ఆ పౌండ్లు సంపాదించడానికి సర్కారు ఎక్కువ హాలీ రూపాయలు తీయవలసి వచ్చింది.

మార్పిడి రేటు ఋతువును బట్టి కూడా మారేదంటే ఇప్పటివారికి వింతగా ఉంటుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల ఆముదాలు, మరాఠ్వాడా పత్తి పంటకొచ్చే రోజుల్లో బొంబాయి వర్తకుల ఏజెంట్లు కల్దారు రూపాయలు పట్టుకుని దిగేవారు. రైతు మాత్రం హాలీ అడుగుతాడు, ఎందుకంటే తహసీలులో శిస్తు హాలీలోనే కట్టాలి. అప్పుడు హాలీకి గిరాకీ పెరిగేది. పంట అమ్మకాలు అయిపోయి, బట్టలూ సామాన్లూ తెచ్చుకునే రోజుల్లో అందరికీ కల్దారు కావాలి, హాలీ పలచబడేది. ఈ ఎగుడుదిగుళ్ళ మీద షరాఫులూ సాహుకార్లూ బాగుపడ్డారు. సర్కారు దీన్ని అదుపు చేయడానికి ఒక ఉపాయం పట్టింది. గిరాకీ ఉన్నప్పుడు ఖజానా నుంచి సిక్కా వదలడం, లేనప్పుడు వెనక్కు తీసుకోవడం. క్రమంగా నూరు కల్దారుకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు అన్న రేటు నిలబడింది. అదే ఏడుకు ఆరు.

ఇది చిన్న విజయం కాదని మా అభిప్రాయం. అప్పటి పెద్ద సంస్థానాల్లో చాలావాటికి సొంత టంకశాల పోయి కల్దారే మిగిలింది. హైదరాబాద్ మాత్రం నిలబెట్టుకుంది. కాని ఎట్లా నిలబెట్టుకుంది? పక్కవాడి రూపాయిని పట్టుకుని నిలబెట్టుకుంది. మన ఊరి చెరువు లెక్క చూడండి. కట్ట గట్టిదే, కాని వానలు పడ్డప్పుడు మత్తడి మీదుగా నీళ్ళు పోనిస్తేనే ఆ కట్ట నిలుస్తుంది. మత్తడి మూసిన చెరువు ఏమవుతుందో తెలంగాణ రైతుకు చెప్పనక్కరలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువు వచ్చింది. 1918లో నిజాం సర్కారు చట్టం చేసి కాగితపు నోట్లు తెచ్చింది. ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు కూడా ఆ నోట్ల మీద కనబడతాయి. అచ్చు వేయించింది మాత్రం లండన్‌లో. 1922 మే నెలలో ఆ నోట్ల కట్టలతో, పది లక్షల పౌండ్లకు పైగా విలువైన బంగారం వెండితో బొంబాయికి బయలుదేరిన 'ఈజిప్ట్' అనే ఓడ ఫ్రాన్సు తీరం దగ్గర మంచులో మరో ఓడ ఢీకొని మునిగిపోయింది. పదేళ్ళ తరువాత ఇటలీ గజఈతగాళ్ళు బంగారం కోసం దిగితే నిజాం నోట్లు కూడా బయటపడ్డాయి. ఇంకా సంతకాలు పడని నోట్లు గనుక చెల్లవు, అయినా వస్తువులుగా సేకరించేవారి దగ్గర నేటికీ కొన్ని ఉన్నాయి. స్వతంత్ర నాణెం ఉన్న రాజ్యపు సొమ్ము ఐరోపా సముద్రం అడుగున పదేళ్ళు పడి ఉందంటే ఏమనుకోవాలి?

నోట్ల వెనుక పూచీగా పెట్టిన నిధిలో పెద్ద భాగం భారత ప్రభుత్వ బాండ్లే ఉండేవి. ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి.

1929లో ప్రపంచ మాంద్యం మొదలయింది. పత్తి, నూనె గింజల ధరలు కూలాయి. శిస్తు మాత్రం తగ్గలేదు, అప్పు తగ్గలేదు. భూములు సాహుకార్ల, దేశ్‌ముఖ్‌ల చేతికి పోయాయి. న్యూయార్కులో షేర్లు పడితే నల్లగొండలో పొలం పోవడం ఏమి న్యాయమని అడిగే దిక్కు ఆ రైతుకు లేదు. మరోవైపు ఆ కాలంలోనే సర్కారు పరిశ్రమల నిధి పెట్టి, వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వంటివాటిని నిలబెట్టింది. వాటివల్ల వేలమంది తిన్నారు. కనుక ఎల్లల లోపల సర్కారు ఏమీ చేయలేదనే మాటను మేము ఒప్పుకోము. ఏ వస్తువు తయారుచేయాలో, ఎవరికి పెట్టుబడి ఇవ్వాలో అది నిర్ణయించగలిగింది. ఆ వస్తువు ధర నిర్ణయించడం మాత్రం దాని వల్ల కాలేదు. రెండో యుద్ధకాలంలో బ్రిటిష్ ఇండియాలో నోట్లు గుట్టలుగా పెరిగి ధరలు మండితే, ఏడుకు ఆరు రేటుకు కట్టుబడిన హాలీ సిక్కా ధరలూ వాటి వెంటే మండాయి.

సిక్కా వ్యవహారాలు చూసుకోవడానికి 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పని మొదలుపెట్టింది. అయిదేళ్ళకే దేశం స్వతంత్రమయింది. 1947 నవంబర్ 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. వెంటనే నిజాం సర్కారు రెండు హుకుములు జారీ చేసింది. ఒకటి, బంగారం వెండి రాజ్యం దాటి పోరాదు. రెండు, భారత రూపాయి హైదరాబాద్‌లో చట్టబద్ధంగా చెల్లదు. అంటే మత్తడి మూశారు. అదే సమయంలో పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చారు. ఆ అప్పు ఇచ్చింది భారత ప్రభుత్వ బాండ్ల రూపంలో! భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పకుండా ఎట్లా ఉంటుంది? తనది అనుకున్న సొమ్ము ఎదుటివాడి కాగితంలో ఉన్నప్పుడు దాన్ని ఎదుటివాడి ఇష్టానికి వ్యతిరేకంగా ఖర్చుచేయడం సాధ్యం కాదు.

1948లో సరిహద్దు బిగుసుకుంది. పెట్రోలు, మందులు, యంత్రాల విడిభాగాలు రావడం తగ్గిపోయింది. తమవైపు నుంచి దిగ్బంధం లేదని ఢిల్లీ అన్నది, ఉన్నదని హైదరాబాద్ అన్నది. రోగికి మందు మాత్రం అందలేదు. నాలుగు వైపులా ఒకే దేశం ఉన్న రాజ్యం, పైగా రేవు లేని రాజ్యం, రూపాయిని వద్దనడం ఎంత తెలివితక్కువ పనో చెప్పడానికి ఆర్థిక శాస్త్రం చదవక్కరలేదు. ఆ సెప్టెంబరులో, ఆ తరువాత జరిగిన ఘోరాల జోలికి ఈ వ్యాసంలో మేము పోవడం లేదు. అవి వేరే రాయవలసినవి.

1950లో భారత రూపాయి హైదరాబాద్‌లో కూడా చెల్లుబడిలోకి వచ్చింది. 1951 తరువాత హాలీ సిక్కా కొత్తగా జారీ కాలేదు. 1959లో పూర్తిగా రద్దయింది. డెబ్బై హాలీ జీతం అరవై రూపాయలయింది. లెక్క సరిగానే ఉంది గాని, దుకాణంలో హాలీ అణాకు వచ్చే వస్తువును కొత్త అణాకే అమ్మిన దుకాణదార్లు తక్కువమందా అని పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. అది చాలదన్నట్టు 1957లో అణాలు పోయి నయా పైసలు వచ్చాయి.

హైదరాబాద్ చిన్న రాజ్యం, పైన తెల్లవాడు ఉన్నాడు, అందుకే అదుపు చేసుకోలేకపోయింది అనవచ్చు. సరే, అయితే సముద్రాలున్న, సైన్యమున్న, పార్లమెంటున్న స్వతంత్ర భారతదేశం సంగతి చూద్దాం. హాలీ సిక్కా రద్దయిన 1959లోనే భారతదేశం మరో రూపాయిని కనిపెట్టింది. అదే గల్ఫ్ రూపాయి.

కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయి, మస్కట్ వగైరా చోట్ల ఆనాడు చలామణి అయింది భారత రూపాయే. ఇంగ్లీషువారి కాలంనాటి అలవాటు. ఈ మాట చెబితే దుబాయి దిర్హముల కోసం వెళ్ళిన మన కుర్రాళ్ళు నమ్మరు. 1947 నుంచి మన దేశంలోకి బంగారం దిగుమతిని ఆపివేశారు. ఇక్కడ పెళ్ళిళ్ళు ఆగలేదు గనుక గిరాకీ ఆగలేదు, ధర మాత్రం బయటి దేశాలకన్నా బాగా ఎక్కువయింది. అప్పుడు ఏమి జరిగిందంటే, బొంబాయి నుంచి రూపాయి నోట్లు రహస్యంగా గల్ఫ్‌కు పోయేవి. అక్కడ బంగారం కొనేవారు. పడవల్లో పశ్చిమ తీరానికి చేర్చేవారు. గల్ఫ్ బ్యాంకుల్లో పోగుపడిన నోట్లు చివరకు రిజర్వు బ్యాంకు దగ్గరకే వచ్చేవి, వాటికి బదులు పౌండ్లు ఇవ్వవలసిందే. అంటే దొంగ బంగారానికి విదేశీ మారకద్రవ్యం చెల్లించింది స్వయంగా మన రిజర్వు బ్యాంకే!

దీన్ని ఆపడానికి 1959లో చట్టం సవరించి గల్ఫ్ కోసం వేరే నోట్లు అచ్చువేశారు. నమూనా అదే, రంగు వేరు, నంబరు ముందు జడ్ అక్షరం. భారతదేశంలో అవి చెల్లవు. అప్పుడే హజ్ యాత్రికుల కోసం 10, 100 రూపాయల ప్రత్యేక నోట్లు కూడా వచ్చాయి. వాటి మీద హజ్ అనే మాట ఇంగ్లీషులో ముద్రించి ఉండేది. అప్పట్లో ఓడ మీద జిద్దా పోయినవారి ఇళ్ళలో ఎవరికైనా పాత పెట్టెలో అటువంటి నోటు దొరికితే పారేయవద్దని మా మనవి. ఈనాడు దానికి ఉన్న వెల వింటే ఆశ్చర్యపోతారు.

వేరే నోట్లతో రూపాయి దారి మూసుకుంది గాని బంగారం దారి మూసుకోలేదు. 1963 జనవరిలో మొరార్జీ దేశాయి ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు బంగారం అదుపు నియమాలు వచ్చాయి. కొత్త నగ 14 క్యారెట్లకు మించరాదన్నారు. ఆ బంగారం ఎవరికి కావాలి? పెళ్ళికూతుళ్ళ తల్లులు పెదవి విరిచారు. ఎక్కువ దెబ్బ తిన్నది స్మగ్లరు కాదు, కుంపటి ముందు కూర్చున్న కంసాలి. ఎందరో కంసాలి కుటుంబాలు పని లేక వీధిన పడ్డాయి. 1968లో అది చట్టమయింది. 1990లో రద్దు చేసేదాకా ఉంది. అన్నేళ్ళలో దొంగ బంగారం ఆగిందని ఎవరూ అనలేదు. మేము చదివిన చరిత్రలో ఈ ఒక్క విషయం పదే పదే కనబడుతుంది. దారి మూసేది పెద్దవాడి కోసం, మూతబడేది చిన్నవాడి బతుకు.

గల్ఫ్ రూపాయి ఎంతోకాలం నిలవలేదు. కువైట్ 1961లోనే తన దీనారు తెచ్చుకుంది. 13 రూపాయల చిల్లరకు ఒక దీనారు. బహ్రెయిన్ 1965లో తెచ్చుకుంది. 1966 జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. అంతకుముందు డాలరుకు 4 రూపాయల 76 పైసలు, ఆ రోజు నుంచి ఏడున్నర. దోహాలో, దుబాయిలో ముత్యాలు అమ్మి దాచుకున్న వర్తకుడి పెట్టెలోని సొమ్ము ఒక్క రాత్రిలో అంతగా కరిగిపోవాలి. ఢిల్లీలో అతనికి ఓటు లేదు, మాట లేదు. అక్కడివారు ఆ తగ్గింపును ఒప్పుకోలేదు. రూపాయినే వదిలేశారు. మస్కట్‌లో మాత్రం 1970 దాకా అది నడిచింది. 1893లో లండన్ మాటకు హైదరాబాద్ రైతు నష్టపోయినట్టే, 1966లో ఢిల్లీ మాటకు దోహా వర్తకుడు నష్టపోవలసి వచ్చింది. తేడా ఒక్కటే, దోహాకు బయటికి పోయే దారి ఉంది.

1973లో చమురు ధర పెరిగాక కథ తలకిందులయింది. గల్ఫ్ మన రూపాయి కోసం చూడడం పోయి, మనం గల్ఫ్ రియాలు కోసం చూడడం మొదలయింది. పాతబస్తీ నుంచి, కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి మేస్త్రీలు, డ్రైవర్లు, దర్జీలు బయలుదేరారు. అదే 1973లో విదేశీ మారకద్రవ్యం మీద కఠినమైన చట్టం వచ్చింది. బ్యాంకు ఇచ్చే రేటుకు, బయట దొరికే రేటుకు తేడా ఉన్నంతకాలం కొందరు హవాలా దారి పట్టారు. టికెట్టు డబ్బులకు ఆశపడి ఎవరిదో బంగారం మోసుకొచ్చి పట్టుబడిన కుర్రాళ్ళూ ఉన్నారు. మేము దాన్ని సమర్థించడం లేదు. కాని 1993లో రూపాయి రేటును బజారుకు వదిలాక ఆ తేడా తగ్గి, బ్యాంకుల ద్వారా వచ్చే సొమ్ము పెరిగిందన్నది వాస్తవం. పోలీసులు చేయలేని పనిని రేటు చేసింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో దిగాయి. లక్షా డెబ్బై వేలకు పైగా మనవారిని విమానాల్లో ఇళ్ళకు చేర్చారు. కట్టుబట్టలతో దిగినవారిని, కువైట్ బ్యాంకు పుస్తకం చేతపట్టుకుని దిగినవారిని చూసిన ఇళ్ళు మన సంఘంలోనే ఉన్నాయి. వారు పంపే సొమ్ము ఆగింది, చమురు ధర పెరిగింది. ఢిల్లీ ఖజానాలో 1991 జూన్ నాటికి రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడే డాలర్లు మాత్రమే మిగిలాయి. మే నెలలో 20 టన్నుల బంగారం, జులైలో సుమారు 47 టన్నుల బంగారం దేశం దాటింది. జులైలో వెళ్ళింది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు తాకట్టుగా. నలభై ఏళ్ళు బంగారం లోపలికి రాకుండా కాపలా కాసిన ప్రభుత్వమే బంగారాన్ని బయటికి పంపి పరువు దక్కించుకుంది. 1992లో ప్రవాసులు అయిదు కిలోల దాకా సుంకం కట్టి తెచ్చుకోవచ్చన్నారు.

ఆ తరువాత కూడా ప్రతి ఆర్థిక మంత్రీ ఈ తూమును కొంచెం ఎత్తి, కొంచెం దించి చూస్తూనే ఉన్నారు. 2013లో సుంకం 10 శాతమయింది. 2022లో 15 చేశారు. విమానాశ్రయాల్లో పట్టివేతల వార్తలు పెరిగాయి. 2024 జులైలో 6కు దించితే కొద్ది రోజుల్లోనే బజారులో ధర పడింది, నగల దుకాణాల ముందు జనం చేరారు. 2025లో ప్రపంచమంతటా బంగారం పైకి లేచినప్పుడు మాత్రం ఆ తగ్గింపు ఎక్కడ కలిసిపోయిందో తెలియలేదు. ఆ ఏడాది 10 గ్రాములు లక్ష రూపాయలు దాటింది. పెళ్ళి పెట్టుకున్న ఇళ్ళవారికి ఆ లెక్క మేము వేరే చెప్పనక్కరలేదు.